కొత్త ఆలోచన ఎక్కడ పుడుతుంది?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా మన సంఘం జరిపిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగం)

   

సంఘం వాళ్లు మమ్మల్ని సృజనాత్మకత మీద మాట్లాడమన్నారు. మాట పెద్దది. మేము బి.ఎడ్. చదివేటప్పుడు మనోవిజ్ఞాన శాస్త్రంలో ఈ పాఠం ఉండేది. గిల్‌ఫర్డ్, టోరెన్స్, వాలస్ అని పేర్లు వల్లించి, నాలుగు దశలు వరుసగా రాసి మార్కులు తెచ్చుకున్నాం. సృజనాత్మకత పాఠాన్నే బట్టీపట్టి పాసయ్యామంటే మా సంగతి మీకు అర్థమయ్యే ఉంటుంది. ఆ పాఠం నిజంగా తలకెక్కింది మాత్రం వార్డెన్ ఉద్యోగంలోకి వచ్చాక, ఒక తప్పు చేశాక. ముందు ఆ తప్పు చెప్పుకొని, తర్వాత పాఠంలోకి వెళ్తాం.

చాలా ఏళ్ల కిందటి మాట. తనిఖీకి పైఅధికారులు వస్తున్నారని హాస్టల్‌కు సున్నం వేయించాం. తెల్లారి లేచి చూస్తే, అమ్మాయిలు పడుకునే పెద్ద గది గోడ మీద పొయ్యి బొగ్గుతో గీసిన బొమ్మ ఉంది. మనిషి నిలువంత పొడవు. దండారీ ఆడుతున్న వరుస. గుస్సాడీల నెమలి టోపీల్లోంచి చెట్లు మొలిచాయి. ఆ చెట్ల మీద పిట్టలు కూర్చున్నాయి. చివరి గుస్సాడీకి మా వంటమనిషి ముఖం ఉంది. గీసింది ఏడో తరగతి అమ్మాయి. అందరూ పడుకున్నాక లేచి, కిటికీలోంచి పడే దీపం వెలుతురులో గీసిందట.

ఇదంతా ఇప్పుడు చెబుతున్నాం గానీ, ఆ రోజు మాకు బొమ్మ కనబడలేదు. పాడైన గోడ కనబడింది. అందరి ముందూ నిలబెట్టి తిట్టాం. ఆ పిల్ల చేతనే సున్నం వేయించాం. మధ్యాహ్నానికి గోడ మళ్లీ తెల్లగా అయింది. తనిఖీ చక్కగా జరిగింది. శుభ్రత బాగుందని రిజిస్టర్‌లో రాసి వెళ్లారు.

ఆ తర్వాత ఆ అమ్మాయి మా దగ్గర మూడేళ్లు చదివింది. ఒక్క గీత గీయగా మేము చూడలేదు. కొన్నేళ్లకు బస్టాండ్‌లో కలిసింది, చంకలో బిడ్డ. "బొమ్మలు వేస్తున్నావా అమ్మా?" అని అడిగాం. "లేదు మేడం, అది అప్పుడే పోయింది" అని నవ్వింది. ఆ నవ్వులో కోపం లేదు. కోపం ఉంటే మాకు కొంచెం తేలికయ్యేది.

"అప్పుడే పోయింది" అంది కదా. ఏం పోయింది? ఎట్లా పోయింది? పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవచ్చా? ఈ ప్రశ్నలతో పాత పుస్తకాలు మళ్లీ తీశాం, కొత్తవి కొన్ని చదివాం. ఈ రోజు మీతో పంచుకునేది అదే.

అది కొందరి సొత్తు కాదు

1950లో అమెరికా మనోవిజ్ఞాన శాస్త్రవేత్తల సంఘానికి అధ్యక్షుడిగా ఉన్న జె.పి. గిల్‌ఫర్డ్ ఒక ప్రసంగం చేశారు. అంతకుముందు ఇరవై మూడేళ్లలో మనోవిజ్ఞానంలో వచ్చిన రచనల సూచికను ఆయన తిరగేశారు. సుమారు 1,21,000 శీర్షికల్లో సృజనాత్మకతకు సంబంధించినవి 186 మాత్రమే కనబడ్డాయి. తెలివిని కొలవడానికి అన్ని పరీక్షలు పెట్టుకున్నాం, కొత్తది పుట్టించే శక్తి గురించి ఎందుకు పట్టించుకోలేదని ఆయన నిలదీశారు. ఆ శక్తి మహానుభావులకే కాదు, మామూలు మనుషులందరికీ ఎంతో కొంత ఉంటుందనీ, దాన్ని పరిశీలించవచ్చనీ చెప్పారు.

ఇంతకీ సృజన అంటే ఏమిటి? పరిశోధకులు ఎక్కువమంది ఒప్పుకొనే అర్థంలో రెండు ముక్కలున్నాయి. చేసింది కొత్తగా ఉండాలి, ఆ సందర్భానికి పనికిరావాలి. ఒకటి ఉండి రెండోది లేకపోతే అది సృజన కాదు. మార్గరెట్ బోడెన్ అనే బ్రిటిష్ పండితురాలు ఇంకో మంచి తేడా చూపించారు. ప్రపంచానికే కొత్తది ఒకటి, చేసినవాడికి కొత్తది ఇంకొకటి. మీ తాత ఎప్పుడో కనిపెట్టిన ఎర మీకు చెప్పేవాళ్లు లేక, మీరే సొంతంగా కనిపెట్టారనుకోండి. లోకానికి అది పాతదే. మీ మెదడు చేసిన పని మాత్రం మీ తాత మెదడు చేసిన పనే. అందుకే "ఇది ఎవరో ఎప్పుడో చేసిందే కదా" అని చిన్నవాళ్ల మీద నీళ్లు చల్లొద్దు.

గిల్‌ఫర్డ్ వాడిన పరీక్ష ఒకటి చాలా సులువు. ఒక మామూలు వస్తువు పేరు చెప్పి, దాన్ని ఎన్ని రకాలుగా వాడవచ్చో చెప్పమంటారు. ఎన్ని చెప్పారు, ఎన్ని తీర్ల ఆలోచించారు, ఎవరికీ రానిది ఏదైనా వచ్చిందా, దాన్ని ఎంత వివరంగా చెప్పారు అని చూస్తారు. మేము ఒక ఆదివారం మా పిల్లలకు ఖాళీ బియ్యం సంచి ఇచ్చి అడిగాం.

మొదట అందరూ ఒకటే చెప్పారు. వడ్లు పోసుకోవచ్చు, కింద పరుచుకోవచ్చు, కాళ్లు తుడుచుకోవచ్చు. తర్వాత ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. మాకు విసుగొచ్చి చాలిద్దామనుకున్నాం. అప్పుడు మొదలైంది. వానకు నెత్తి మీద గొంగడిలా వేసుకోవచ్చు. చెల్లికి ఊయల కట్టొచ్చు. ఇప్పపువ్వు ఆరబెట్టొచ్చు. చేలో మనిషిలా నిలబెట్టి అడవి పందుల్ని బెదిరించొచ్చు. దారాలు పీకి ఉచ్చు అల్లొచ్చు. మేకపిల్ల తల్లి పాలు తాగకుండా పొదుగుకు కట్టొచ్చు. పరిశోధనల్లోనూ ఇదే తేలింది. మొదట వచ్చే జవాబులు అందరి నోటా ఉండేవే, అరుదైనవి ఆలస్యంగా వస్తాయి. మాకు విసుగొచ్చిన ఆ ఐదు నిమిషాలకు ముందే ఆపేసి ఉంటే, మా పిల్లలకు ఆలోచనలు లేవని రాసేసుకునేవాళ్లం.

చివర్లో మూడో తరగతి పిల్ల ఒకతె లేచి, "దాంట్లో దూరి ఏడవొచ్చు, ఎవరికీ కనబడదు" అంది. మిగతా పిల్లలు నవ్వలేదు. హాస్టల్‌కు వచ్చిన కొత్తలో ఆ పిల్ల ఎక్కడ ఏడ్చేదో మాకు ఆ రోజు దాకా తెలియదు. కొత్త ఆలోచన అంటే చమత్కారం ఒక్కటే కాదని, మనిషి లోపలి బాధ బయటికి రావడానికి వెతుక్కునే దారి కూడా అదేనని ఆ పిల్ల మాకు నేర్పింది.

ఇంకో రెండు అపోహలు

ఎడమ మెదడు లెక్కలకు, కుడి మెదడు కళలకు అని వాట్సాప్‌లో బొమ్మలు తిరుగుతుంటాయి. రెండు భాగాలకూ కొన్ని ప్రత్యేకమైన పనులున్న మాట నిజమే. ఆ పరిశోధనకు రోజర్ స్పెర్రీకి 1981లో నోబెల్ బహుమతి వచ్చింది. కానీ కళ అంతా కుడి పక్కనే ఉంటుందని దాని అర్థం కాదు. మనిషి ఆలోచిస్తుండగా మెదడును స్కాన్ చేసి చూసిన ఇటీవలి పరిశోధనల ప్రకారం, కొత్త ఆలోచనల్లో మెదడులోని చాలా చోట్లు కలిసి పనిచేస్తాయి. ఊరికే కూర్చొని ఊహల్లో తేలేటప్పుడు పనిచేసే వ్యవస్థ ఒకటి, గురి పెట్టి పని చేసేటప్పుడు పనిచేసే వ్యవస్థ ఇంకొకటి. మామూలుగా ఒకటి లేస్తే ఒకటి తగ్గుతుంది. సృజన ఎక్కువున్నవాళ్లలో ఈ రెండూ బాగా కలిసి నడుస్తాయి. ఒకటి విత్తనాలు చల్లుతుంది, ఇంకొకటి కలుపు తీస్తుంది. రెండూ కావాలి.

రెండో అపోహ మన గురించే. బయటివాళ్లు రెండు మాటలు అంటుంటారు. "ఆదివాసీలకు బుర్ర పనిచేయదు" అని కొందరు. "ఆదివాసీలకు కళ పుట్టుకతోనే వస్తుంది" అని ఇంకొందరు. మొదటి మాటకు మనకు కోపం వస్తుంది, రెండో మాటకు సంతోషం వేస్తుంది. నిజానికి రెండూ ఒకటే. నేర్చుకున్నది, కష్టపడ్డది ఏమీ లేదని రెండు మాటలూ అంటున్నాయి.

దీనికి ఒక ఋజువు చెబుతాం. కార్ల్ డంకర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఒక చిక్కు పెట్టారు. ఆయన పరిశోధన ఇంగ్లీషులో 1945లో అచ్చయింది. బల్ల మీద కొవ్వొత్తులు, చిన్న మేకులు, అట్టపెట్టెలు ఉంటాయి. కొవ్వొత్తిని తలుపు మీద నిలబెట్టాలి. పెట్టెను మేకుతో తలుపుకు కొట్టి, దాని మీద కొవ్వొత్తి పెడితే సరి. పెట్టెలు ఖాళీగా ఇచ్చినప్పుడు అందరూ చేశారు. అవే పెట్టెల్లో సామాను నింపి ఇచ్చినప్పుడు సగం మందికి కూడా తట్టలేదు. సామానుంటే అది సామాను పెట్టుకునే పెట్టె అయిపోయింది, పీట కాలేకపోయింది. అలవాటైన ఉపయోగం కళ్లకు కట్టిన గంతలాంటిది.

సామాన్లు తక్కువున్న అడవి బిడ్డలకు ఈ గంత ఉండదేమో అని కొందరు అనుకున్నారు. అమెజాన్ అడవుల్లో, ఈక్వడార్ దేశంలో షువార్ అనే ఆదివాసీలున్నారు. 2005లో వాళ్ల యువతీయువకులతో ఇలాంటి చిక్కులే విప్పించారు. వాళ్లూ అట్లాగే తడబడ్డారు. దీనికి బాధపడాల్సింది లేదు. అడవిలో ఉన్నా నగరంలో ఉన్నా మనిషి మెదడు ఒకటే అన్నమాట. దానికి ఉన్న గంతలూ ఒకటే, గంత విప్పే దారులూ ఒకటే. ఆ దారులు నేర్చుకుంటే మనకూ వస్తాయి.

బస్సు మెట్టు మీద వచ్చిన మెరుపు

ఆ దారులేమిటి? 1926లో గ్రాహం వాలస్ అనే ఆంగ్లేయుడు నాలుగు దశలు చెప్పారు. మేము పరీక్షకు బట్టీపట్టినవి ఇవే. సన్నాహం, పొదుగు, మెరుపు, పరీక్ష. కోడి ఉన్న ఇంటివాళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదు. గుడ్డు పెట్టాలి, పొదగాలి, పిల్ల బయటికి రావాలి, అది నిలబడుతుందో లేదో చూసుకోవాలి.

ఫ్రాన్స్‌లో హెన్రీ పాంకరే అనే గొప్ప గణిత శాస్త్రవేత్త ఉండేవారు. తన అనుభవం ఆయనే రాశారు. ఒక లెక్కతో పదిహేను రోజులు కుస్తీ పట్టారు. కొంత తేలింది, కొంత మిగిలింది. తర్వాత ఊరు దాటి ప్రయాణం పెట్టుకొని, లెక్క సంగతే మరిచారు. ఒకచోట బస్సు ఎక్కడానికి మెట్టు మీద కాలు పెట్టగానే అసలు సంగతి తట్టింది. ఇంటికి వెళ్లాక కూర్చొని సరిచూసుకున్నారు.

ఈ కథ విని "మేమూ బస్సులెక్కుతున్నాం, మాకేమీ రావడం లేదు" అంటారు మా పిల్లలు. ఆ పదిహేను రోజుల మాట మరిచిపోతారు. గుడ్డు పెట్టకుండా బుట్ట మీద కూర్చుంటే పిల్ల రాదు.

పదో తరగతి పిల్లలు ఈ ముక్క బాగా వినాలి. 2004లో జర్మనీలో ఒక పరిశోధన జరిగింది. కొందరికి అంకెల లెక్కలు ఇచ్చారు. వాటిలో ఒక అడ్డదారి దాగి ఉంది, ఆ సంగతి వాళ్లకు చెప్పలేదు. కొంతసేపు చేయించి, కొందరిని ఎనిమిది గంటలు నిద్రపోనిచ్చారు, కొందరిని మెలకువగా ఉంచారు. మళ్లీ చేయించినప్పుడు, నిద్రపోయినవాళ్లలో పదిమందికి సుమారు ఆరుగురు ఆ అడ్డదారి పట్టేశారు. మేలుకున్నవాళ్లలో పదిమందికి ఇద్దరు ముగ్గురే పట్టారు. అయితే, నిద్రకు ముందు లెక్కలు చేయకుండా ఊరికే నిద్రపోయినవాళ్లకు ఆ లాభం కనబడలేదు. చేసి నిద్రపోతేనే ఫలితం. రాత్రి పన్నెండు దాకా లైటు వేసుకొని కూర్చుంటామని మాతో పోట్లాడే పిల్లలకు మేము చెప్పేది ఇదే. లైటు ఆర్పేది కరెంటు బిల్లు కోసం ఒక్కటే కాదు.

సంచిలో ఏమీ లేకపోతే

ఇప్పుడు అసలు మాటకొస్తాం. సన్నాహం అన్నాం కదా, దేనితో సన్నాహం? లోపల సరుకుండాలి. కొత్తదంటే శూన్యంలోంచి ఊడిపడేది కాదు. పాతవి రెండు, అంతకుముందు ఎవరూ కలపని తీరులో కలిస్తే కొత్తది పుడుతుంది. ఎవరి సంచిలో సరుకు ఎక్కువుంటే వాళ్లకు కలిపే అవకాశాలు ఎక్కువ. మరి మన సంచిలో ఏముంది? ఒక మనిషి కథ చెబితే తెలుస్తుంది.

మధ్యప్రదేశ్‌లో పాటన్‌గఢ్ అనే ఊరుంది. అక్కడి ప్రధాన్ కుటుంబంలో జన్‌గఢ్ సింగ్ శ్యామ్ పుట్టారు. మన ప్రధాన్‌లు కిక్రి వాయిస్తూ గోత్రాల కథలు, పేన్ కథలు చెప్పినట్టే, అక్కడి ప్రధాన్‌లు బానా వాయిస్తూ చెబుతారు. ఈయనకు ఆ కథలన్నీ చెవిలో ఉన్నాయి. ఇంటి గోడల మీద మట్టితో, రంగులతో బొమ్మలు వేసే అలవాటు చేతిలో ఉంది. 1981లో భోపాల్‌లో భారత్ భవన్ కోసం కళాకారులను వెతుకుతూ, చిత్రకారుడు జె. స్వామినాథన్ పంపిన బృందం ఆ ఊరికి వచ్చింది. గోడ మీది బొమ్మలు చూశారు. ఆ యువకుడిని భోపాల్‌కు పిలిచారు. అక్కడ కాగితం ఇచ్చారు, కొత్త రంగులు ఇచ్చారు.

అప్పటిదాకా పాటల్లో మాత్రమే ఉన్న దేవుళ్లకు ఆయన రూపం ఇచ్చారు. చుక్కలు, గీతలు వరుసలు వరుసలుగా పేర్చి, జింక కొమ్ములు చెట్టు కొమ్మలయ్యే తీరులో గీశారు. వాటిని ఆయన ఎవరి దగ్గరా కాపీ కొట్టలేదు, అట్లాగని ఆకాశంలోంచి తేనూ లేదు. చెవిలో ఉన్న పాటను చేతిలో ఉన్న గీతతో కలిపారు. ఆ బొమ్మలు 1989లో పారిస్‌లో పెద్ద ప్రదర్శనకు వెళ్లాయి. ఇప్పుడు ఆ తీరును ఆయన పేరుతోనే జన్‌గఢ్ కలం అంటారు. ఆయన చుట్టూ చేరిన బంధువులు, ఊరివాళ్లు పదుల మంది చిత్రకారులయ్యారు.

వాళ్లలో ఒకరు భజ్జూ శ్యామ్. భోపాల్‌లో రాత్రి వాచ్‌మన్‌గా, ఎలక్ట్రీషియన్‌గా పనిచేసిన మనిషి. ఒక హోటల్ గోడల మీద బొమ్మలు వేయడానికి లండన్ వెళ్లి వచ్చి, చూసిన ఊరిని మన చూపుతో గీశారు. లండన్‌లో పెద్ద గడియారం గోపురం ఉంది. మన గూడెంలో పొద్దు చెప్పేది కోడి. ఆయన బొమ్మలో గోపురం, కోడి ఒకటైపోయాయి. రోజూ తనను పనికి తీసుకెళ్లి తిరిగి బసకు చేర్చిన 30 నంబరు బస్సును నమ్మకమైన కుక్కగా గీశారు. ఆ పుస్తకం 2004లో వచ్చింది, 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. లండన్‌లో కోట్ల మంది ఆ గోపురాన్ని చూశారు. కోడిని కూడా ఎరిగిన మనిషికే ఆ బొమ్మ తట్టింది. చెల్లెళ్ల కోసం ఇంకో పేరు, దుర్గాబాయి వ్యామ్. పండుగలకు ఇంటి నేల మీద, గోడల మీద వేసే ముగ్గును నానమ్మ దగ్గర నేర్చుకొని, అక్కడి నుంచి చిత్రకారిణి అయ్యారు. ఆమెకు 2022లో పద్మశ్రీ వచ్చింది.

మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్ అనే శాస్త్రవేత్త 1996లో రాసిన పుస్తకంలో, సృజన ఒక మనిషి తలలో మాత్రమే జరగదు అన్నారు. మూడు కలవాలి. నేర్చుకోవడానికి ఒక విద్య ఉండాలి. దాన్ని కదిలించే మనిషి ఉండాలి. ఆ కొత్తదాన్ని చూసి, బాగుంది, ఉంచండి అనే తెలిసినవాళ్లు ఉండాలి. జన్‌గఢ్ దగ్గర పాట ఉంది, చెయ్యి ఉంది. గోడను చూసి ఆగిన మనుషులూ దొరికారు. మా హాస్టల్ అమ్మాయి దగ్గర మొదటి రెండూ ఉన్నాయి. మూడోది మేము కావాల్సింది. మేము సున్నం బకెట్టు పట్టుకొని నిలబడ్డాం.

జన్‌గఢ్ కథలో చివరి ముక్క కూడా దాచకూడదు. 2001లో జపాన్‌లో ఒక మ్యూజియం కోసం బొమ్మలు వేస్తూ, ఇంటికి చాలా దూరంగా, నలభై ఏళ్ల ప్రాయంలో ఆయన చనిపోయారు. పైకి వచ్చినవాళ్ల వెనక మన మనుషులు ఉండాలి. చదువుకో, ఉద్యోగానికో దూరం వెళ్లినవాళ్లకు వారానికి ఒకసారైనా ఫోన్ చేయండి. బాగున్నావా అని మన భాషలో అడగండి.

బహుమతి గురించి ఒక మాట

ఆ అమ్మాయి సంగతి మనసులో పెట్టుకొని, మేము హాస్టల్‌లో బొమ్మల పోటీలు పెట్టాం. మొదటి బహుమతి, రెండో బహుమతి. మంచి పనే చేశామనుకున్నాం. కొన్నాళ్లకు పిల్లలు "మేడం, పోటీ ఎప్పుడు?" అని అడగడం మొదలుపెట్టారు. పోటీ లేని రోజు రంగులు ముట్టుకోవడం లేదు.

ఇదీ పుస్తకంలో ఉందని తర్వాత చదివాం. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు అమెరికాలో ఒక శిశు పాఠశాలలో చూశారు. బొమ్మలంటే ముందే ఇష్టమున్న పిల్లలను తీసుకున్నారు. కొందరికి "గీస్తే బిరుదు పత్రం ఇస్తాం" అని ముందే చెప్పి ఇచ్చారు. కొందరికి చెప్పకుండా తర్వాత ఇచ్చారు. కొందరికి అసలు ఇవ్వలేదు. ఒకటి రెండు వారాలయ్యాక, ఎవరిష్టం వాళ్లది అని వదిలేస్తే, ముందే ఆశ పెట్టిన పిల్లలు మిగతావాళ్లలో సగం సేపే బొమ్మలు వేశారు. చెప్పకుండా ఇచ్చినవాళ్లకు ఏ నష్టమూ కలగలేదు. బహుమతి మొత్తం చెడ్డదని కాదు. ఇష్టంతో చేసే పనికి ముందే ధర కట్టేస్తే, అది కూలి పనైపోతుంది.

ఇప్పుడు మా వరండాలో ఒక గోడ పిల్లలకే వదిలేశాం. బొగ్గు, ఎర్రమన్ను, సుద్ద పక్కనే ఉంటాయి. ఆ గోడకు మూడే నియమాలు. మార్కులుండవు, బహుమతులుండవు, ఒకరి బొమ్మను ఒకరు వెక్కిరించకూడదు. గోడ నిండాక పిల్లలే కలిసి సున్నం వేస్తారు, మళ్లీ మొదలుపెడతారు. సున్నం వేసేటప్పుడు వాళ్లు నవ్వుతుంటారు. మాకు మాత్రం ఇంకో సున్నం గుర్తొస్తుంది. ఆ గోడ మీద ఎక్కువ బొమ్మలు మామూలువే. సినిమా హీరోలు, హృదయం బొమ్మలు, బైకులు. పది పదిహేనింటికి ఒకటి మమ్మల్ని నిలబెట్టేస్తుంది. సృజన లెక్క అట్లాగే ఉంటుందట. గొప్పవాళ్లు గొప్పవి మాత్రమే చేయలేదు, చాలా చేశారు, వాటిలో కొన్ని గొప్పవయ్యాయి. డీన్ సైమన్టన్ అనే పరిశోధకుడు శాస్త్రవేత్తల, సంగీతకారుల జీవితాలు వరసబెట్టి చూసి చెప్పింది ఇదే.

మీ నుంచి మేము కోరేది

ఒకటి, సంచి నింపుకోండి. మన ఉషేగాం ఓజులు డోక్రా బొమ్మ ఎట్లా పోస్తారో మీలో ఎంతమంది దగ్గర కూర్చొని చూశారు? మట్టి ముద్ద మీద మైనపు తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన చోట లోహం పోస్తారు. బొమ్మ బయటికి రావాలంటే అచ్చు పగలగొట్టాల్సిందే. అందుకే ఏ బొమ్మా ఇంకో బొమ్మలా ఉండదు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదే ఏడాది గుంజాల గోండి లిపి యూనికోడ్‌లోకి వచ్చింది. గుంజాల ఊళ్లో పెద్దలు దాచిన రాతప్రతుల్లోని అక్షరాలు ఇప్పుడు కంప్యూటర్లు గుర్తుపడతాయి. వాటితో ఏం రాస్తారన్నది మీ ఇష్టం. పాట, కథ, జోకు, లెక్కల పాఠం, ఏదైనా సరే. నెలకు ఒక సాయంత్రం ఒక పెద్దమనిషి దగ్గర కూర్చోండి. ఫోన్‌లో రికార్డు చేయడంతో ఆగకండి, నోటికి తెచ్చుకోండి. ఫోన్‌లో ఉన్నది ఫోన్‌కే తెలుసు. మీ తలలో ఉన్నదే ఇంకోదానితో కలుస్తుంది.

రెండు, కాపాడడమంటే కదలకుండా పెట్టడం అనుకోకండి. గుస్సాడీకి పద్మశ్రీ తెచ్చిన మార్లవాయి కనకరాజు గారు నేర్చుకున్నదాన్ని ఎందరికో నేర్పించారు. పండుగ నాడు చేసే నియమం నియమంగానే చేయండి, పేన్ దగ్గర ప్రయోగాలు వద్దు. ఏది మార్చకూడదో పెద్దల్ని అడిగి తెలుసుకోండి. మిగతా చోట, అంటే పాటలో, బొమ్మలో, నాటకంలో, వీడియోలో, ధైర్యంగా కలపండి.

మూడు, మన సంఘం వాళ్లకు. పోటీలు పెట్టండి, మేము వద్దనడం లేదు. వాటి పక్కన బహుమతి లేని ఒక సాయంత్రం కూడా పెట్టండి. ఎవరైనా వచ్చి, సొంతంగా చేసింది చూపించి వెళ్లాలి. సినిమా పాటకు ఎగిరినవాళ్లకు చప్పట్లు కొడతాం కదా, తడబడుతూ సొంత పాట పాడినవాళ్లకు ఇంకొంచెం గట్టిగా కొట్టండి. మీ ఊరి గ్రూపులో తమ్ముడెవరైనా మొదటి కవిత పెడితే, నవ్వే బొమ్మ పెట్టే ముందు ఒక్క క్షణం ఆగండి. మూడో తోడు మీరే.

నాలుగు, ఒకప్పుడు గీసి, పాడి, అల్లి మానేసినవాళ్లు ఈ సభలో ఉన్నారు. అక్కలు, అమ్మలు ఎక్కువ ఉంటారు. "అప్పుడే పోయింది" అనుకుంటూ ఉంటారు. మేము చదివినంతలో, ఈ శక్తి పూర్తిగా పోయేది కాదు. భయంతో, అలవాటుతో అణగిపోతుంది. మొదటి పది బొమ్మలు బాగా రావు. పదకొండోది వేయండి.

ఆ అమ్మాయి ఊరు ఎక్కడో మాకు తెలుసు. పోయిన దీపావళికి దండారీ చూసే వంకతో ఆ ఊరికి వెళ్లాం. ఆమె ఇంటి ముందు కూర్చొని టీ తాగాం. సంచిలోంచి రంగుల డబ్బా తీసి ఆమె కూతురికి ఇచ్చాం, ఐదేళ్ల పిల్ల. అప్పుడు ఆమెతో, "ఆ రోజు తప్పు మాదే అమ్మా, నీది కాదు" అన్నాం. ఆమె ఏమీ అనలేదు. లేచి లోపలికి వెళ్లి, ఇంకో టీ తెచ్చింది. మేము బయల్దేరేటప్పుడు ఆ చిన్నపిల్ల గుమ్మం పక్కన గోడ మీద ఏదో గీస్తోంది. తల్లి చూస్తూ ఉంది, ఆపలేదు.

మీ ఇళ్లలోనూ గోడలున్నాయి. ఇంతే మేము చెప్పదలచింది.